పామును ఇంటికి తెచ్చేముందు పుట్ట కట్టాలి



పోయిన నెల మన బెంగళూరు కమిటీ మీటింగులో గంటన్నర సేపు ఒక పాము గురించే మాట్లాడుకున్నాం. నిజానికి ఆ రోజు హాలు మరమ్మతు గురించి, పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి తేల్చాల్సి ఉంది. ఆ రెండూ తేలలేదు. మీటింగుకు రాలేకపోయినవాళ్లు అప్పటినుంచి ఫోన్లు చేసి "ఆ అబ్బాయి పాము సంగతి ఏం చేశారు?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం కంటే అందరికీ ఒకేసారి రాయడం మేలనిపించింది. కాస్త పొడుగే అవుతుంది. ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం మొదటినుంచి చెప్తాం. మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఏడాదిన్నర కిందట ఒక బాల్ పైథాన్‌ను తెచ్చుకున్నాడు. ఇది కొండచిలువ జాతిదే గానీ మన అడవుల్లో ఉండే కొండచిలువ కాదు. ఆఫ్రికాలో సెనెగల్ నుంచి ఉగాండా దాకా ఉండే దేశాలది. విషం లేదు. పూర్తిగా పెరిగినా 3 నుంచి 5 అడుగులే ఉంటుంది, ఆడవి కొంచెం పెద్దవి. భయపడితే మీదికి రావడం తక్కువ, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

ఇప్పుడు మా తప్పు ఒప్పుకుంటాం. సంక్రాంతి కలయికకు ఆ పామును తీసుకురమ్మని అబ్బాయిని అడిగింది కమిటీలో ఉన్న మేమే. పిల్లలకు సరదాగా ఉంటుంది, జంతువులంటే భయం పోతుంది అనుకున్నాం. జనవరి నెల, బయట మైదానం, సాయంత్రానికి అందరూ స్వెట్టర్లు వేసుకునే చలి. మూడు గంటల సేపు ఆ పాము చేతులు మారుతూనే ఉంది. మెడలో వేసుకుని ఫొటోలు దిగినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ ఫొటోలు మన గ్రూపులో ఇంకా ఉన్నాయి. అది మాటిమాటికీ బంతిలా చుట్టుకుంటుంటే "చూడండి, ఎంత ముద్దుగా ఉందో" అని నవ్వుకున్నాం. భయంతో అలా ఉందని ఆ అబ్బాయి ఒక్కడే రెండు మూడుసార్లు అన్నాడు. మేం వినలేదు. పెద్దవాళ్లం అడిగాం కదా, వాడు గట్టిగా చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత అది తిండి మానేసింది. కొన్నాళ్లకు నోరు కొద్దిగా తెరిచి ఊపిరి పీల్చడం, ముక్కు దగ్గర బుడగలు, ఈల వేసినట్టు చప్పుడు. డాక్టర్ చూసి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అన్నారు. ఈ సంగతి బయటికి వచ్చాక మనలో రెండు పక్షాలు తయారయ్యాయి. ఇంట్లో పాము ఏమిటి, చుట్టుపక్కలవాళ్లు మన సంఘాన్ని ఏమనుకుంటారు, తీసుకెళ్లి ఏ చెరువుగట్టునో అడవిలోనో వదిలేయమనండి అని ఒక పక్షం. అది వాళ్ల ఇంటి విషయం, కుక్కను పెంచితే లేని అభ్యంతరం పాముకెందుకు అని ఇంకో పక్షం. మీటింగులో గంటన్నర ఈ వాదనే నడిచింది.

రెండు పక్షాలూ అసలు సంగతి వదిలేశాయని మా అభిప్రాయం. పాము ఇంట్లో ఉండొచ్చా లేదా అని వాదించుకున్నాంగానీ, అది ఉంటున్న పెట్టె ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. మేమూ అడగలేదు. మీటింగు అయ్యాక మాలో నలుగురం వాళ్లింటికి వెళ్లాం. చూశాక అర్థమైంది, సంక్రాంతి నాటి చలి ఒక్కటే కారణం కాదని.

పాము ఉన్నది చేపల అద్దాల తొట్టిలో. హాల్లో, టీవీ పక్కన, కిటికీకి ఎదురుగా. నాలుగువైపులా అద్దం, పైన ఇనుప జాలీ. అడుగున పాత పేపర్లు. ఒక ప్లాస్టిక్ మొక్క, వేడికోసం కరెంటుతో పనిచేసే ఒక నకిలీ రాయి, రాత్రి పదకొండు దాకా వెలిగే ట్యూబులైటు. ఆ పాముకు దాక్కోవడానికి చోటు లేదు. టీవీ చప్పుడు, వచ్చిపోయేవాళ్లు, అద్దం మీద వేళ్లతో కొట్టే పిల్లలు. అబ్బాయిని తప్పు పట్టడానికి లేదు. అమ్మినవాళ్లు ఇదే సెట్టు ఇచ్చారు, ఇంతే చాలన్నారు. చూడ్డానికి బాగుంది కూడా. అక్కడే మనం మోసపోతాం. మన కంటికి బాగున్నదే దానికీ సుఖమనుకుంటాం.

ఆ ఇంట్లో అవ్వ ఉన్నారు. ఎనభై దాటాయి. పాము తెచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ గొడవ చేసింది ఆవిడేనట. మేం తొట్టి చుట్టూ నిలబడి మాట్లాడుకుంటుంటే వెనకనుంచి అన్నారు: "ఒరే, నాగుల చవితికి పుట్ట దగ్గరికి పోయి పాలు పోస్తాం గదా. పాము ఉండేది పుట్టలో గదరా. దీన్ని నడివీధిలో పెట్టినట్టు పెట్టినారు."

ఆ మాట మాకు బాగా తగిలింది. మన ఇళ్లలో కొందరు శ్రావణంలో ఇక్కడివాళ్లతో పాటు నాగర పంచమి చేసుకుంటారు, కొందరు దీపావళి తర్వాత నాగుల చవితి చేసుకుంటారు. అశ్వత్థ కట్టె మీది నాగరాళ్లకు పసుపు రాస్తాం. ఘాటి సుబ్రహ్మణ్యకు వెళ్లి మొక్కుకుంటాం. పాములు పాలు తాగవని మనందరికీ తెలుసు, అయినా పోస్తాం. కానీ పాముకు పుట్ట కావాలన్న చిన్న విషయం అవ్వ చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఆవిడ మాటలో భక్తి ఎంత ఉందో శాస్త్రమూ అంతే ఉంది. ఆఫ్రికాలో ఈ బాల్ పైథాన్ పగలంతా ఉండేది అచ్చంగా అక్కడే, ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. బెనిన్ దేశంలో వీదా అనే ఊళ్లో ఈ పాములకు ఒక గుడే ఉంది, అక్కడివాళ్లు వాటిని పూజిస్తారు. పాముకు దణ్ణం పెట్టేది మనమొక్కరమే కాదన్నమాట.

అందుకని మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. పెంచాలనుకున్నవాళ్లు పాముకంటే ముందు పుట్ట కట్టాలి. కట్టలేనివాళ్లు తేకూడదు. ఇప్పటికే తెచ్చినవాళ్లను వెళ్లగొట్టకుండా, ఆ పుట్ట కట్టుకోవడానికి మనం సాయపడాలి.

పుట్ట అంటే ఏమిటో ఇప్పుడు వివరంగా చెప్తాం. ఈ నెల రోజుల్లో డాక్టర్‌ను అడిగి, ఏళ్ల తరబడి పెంచుతున్నవాళ్లను అడిగి తెలుసుకున్నవి, మన చేతులతో చేసి చూసినవి ఇవి.

పెద్ద పాముకు పెట్టె కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉండాలి. పాము నిటారుగా సాగినా పట్టేంత. ఎత్తు అడుగున్నర నుంచి 2 అడుగులు ఉంటే చాలు. మూడువైపులా మూసి ఉండాలి, ముందువైపు మాత్రమే అద్దం. పైనుంచి తెరిచే మూత కంటే ముందునుంచి జరిపే అద్దం మంచిది. పైనుంచి చెయ్యి వస్తే గద్ద వచ్చినట్టే దానికి. మన సభ్యుల్లో కార్పెంటర్ పని చేసే ఒకాయన పీవీసీ బోర్డుతో రెండు రోజుల్లో చేసి ఇచ్చారు, కూలి తీసుకోలేదు. అతుకులకు సిలికాన్ పూశాక ఆ వాసన పూర్తిగా పోయేదాకా వారం రోజులు గాలికి పెట్టాం. జరిపే అద్దానికి చిన్న తాళం తప్పనిసరి. పాములు సందు దొరికితే తలతో నెట్టుకుని బయటపడతాయి. అపార్ట్‌మెంటులో పాము తప్పించుకుందంటే ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు.

లోపల దాక్కోవడానికి రెండు గూళ్లు కావాలి. వెచ్చగా ఉండే పక్క ఒకటి, చల్లగా ఉండే పక్క ఒకటి. ఒక్కటే పెడితే ఏమవుతుందంటే, వేడి కావాలా దాక్కోవాలా అని అది రోజూ తేల్చుకోవాల్సి వస్తుంది. ఎక్కువగా దాక్కోవడానికే మొగ్గుతుంది, చలికి ముడుచుకుని అరగక జబ్బు పడుతుంది. గూడు పెద్దదిగా ఉండకూడదు. చుట్టుకుని కూర్చుంటే ఒళ్లు నాలుగుపక్కలా తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. దుకాణాల్లో ఖరీదైనవి దొరుకుతాయిగానీ, అవ్వ అటకమీదినుంచి రెండు మట్టి కుండలు తీయించి ఇచ్చారు. అంచులు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, బోర్లించి, పక్కన పాము సులువుగా పోయి వచ్చేంత దారి చేశాం. దారి ఇరుకైతే మేసిన తర్వాత లావెక్కిన పాము అందులో ఇరుక్కుంటుంది, అది చూసుకోవాలి. మట్టి కుండ తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి కుబుసం విడిచే రోజుల్లో ఇంకా మేలు.

వేడి విషయానికి వస్తే, వెచ్చటి పక్క 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి పక్క 25 నుంచి 27 డిగ్రీలు. రాత్రి కూడా 24 కంటే పడిపోకూడదు. పాము ఒంట్లో మనలాగా వేడి పుట్టదు. కడుపులో ఎలుక అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా బయటి వేడే ఆధారం. అటూ ఇటూ జరిగి తనకు కావలసినంత తీసుకుంటుంది, అందుకే రెండు పక్కలూ ఒకే వేడిలో ఉండకూడదు. నకిలీ వేడి రాళ్లు మాత్రం వద్దు. ఒకేచోట విపరీతంగా కాగుతాయి, పాము పొట్ట కాలుతున్నా దానికి వెంటనే తెలియదు, అలాగే పడుకుంటుంది. మేం తీసి పారేసిన మొదటి వస్తువు అదే. దాని బదులు పైన వెలుగు రాని సిరామిక్ హీటర్ పెట్టి, పాము చుట్టుకోకుండా జాలీ బిగించాం. హీటర్ ఏదైనా థర్మోస్టాట్ లేకుండా పెట్టకండి. మన ఎలక్ట్రీషియన్ సభ్యుడు బిగించి, దాని సెన్సర్ సరిగ్గా వెచ్చటి చోటే ఉండేలా కట్టారు. రెండు పక్కలా రెండు థర్మామీటర్లు ఉన్నాయి. చేత్తో తాకి "వెచ్చగానే ఉందిలే" అనుకునే పద్ధతి పనికిరాదు.

తేమ 55 నుంచి 70 శాతం ఉండాలి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారతాయి, అప్పుడు ఇంకొంచెం పెంచాలి. తేమ చాలకపోతే కుబుసం ముక్కలుగా ఊడుతుంది, తోక కొసనా కళ్లమీదా పొర మిగిలిపోతుంది. కళ్లమీది పొరను గోటితో లాగకండి, కన్ను పోతుంది. అలాగని అడుగంతా తడి బురద చేయకూడదు, పొట్ట పొలుసులు కుళ్లుతాయి. ఇక్కడ మనకు ఒక సౌకర్యం ఉంది. విదేశాల్లో డబ్బు పోసి కొనే కొబ్బరి పీచు, కోకోపీట్ మన దగ్గర ఏ నర్సరీలోనైనా చవగ్గా దొరుకుతుంది. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, పైభాగం పొడిగా, కింది పొర కాస్త చెమ్మగా ఉండేలా మూలల్లో నీళ్లు పోస్తే చాలు. దేవదారు, పైన్ చెక్క పొట్టు మాత్రం వాడొద్దు, ఆ వాసన నూనెలు పాములకు పడవు. ఒక బరువైన నీళ్ల గిన్నె పెట్టాలి, కావాలంటే అందులో దిగి కూర్చోగలిగేంత. నీళ్లు రోజూ మార్చాలి.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. టీవీ దగ్గర వద్దు, కిటికీ ఎండ పడే చోటా వద్దు. వాళ్లింట్లో పుస్తకాల గదిలోకి మార్చాం. పగలు 12 గంటలు వెలుతురు, రాత్రి 12 గంటలు పూర్తి చీకటి.

ఈ పోస్టులు సోలాపూర్, చెన్నై, బరంపురం, యానాం సంఘాల మిత్రులు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. పైన చెప్పిన అంకెలు పెట్టె లోపలివి, అవి ఎక్కడైనా అవే. వాటిని నిలబెట్టే పద్ధతి మాత్రం ఊరినిబట్టి మారుతుంది. మా బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకు వస్తాయి, కాబట్టి వేడి తగ్గకుండా చూసుకోవడం మా పని. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో గాలి పొడిబారుతుంది, అప్పుడు తేమ. సోలాపూర్‌లో ఎండాకాలం 40 దాటుతుంది, గాలీ పొడిగానే ఉంటుంది. అక్కడ హీటర్ ఆపేసినా పెట్టె కాగిపోవచ్చు, పైగా తేమా నిలవదు. చెన్నైలో, బరంపురంలో, యానాంలో సముద్రపు గాలి తేమకు కొదవ లేదు, కానీ గాలి ఆడకపోతే బూజు పడుతుంది, పెట్టెకు సన్న రంధ్రాలు ఎక్కువ కావాలి. పెట్టె లోపల 35 దాటితే పాము ప్రాణానికే ప్రమాదం. చలికంటే వేడి త్వరగా చంపుతుంది. మే నెలలో గదిని చల్లగా ఉంచలేని ఇల్లయితే ఆ ఇంటికి ఈ పాము వద్దు. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోవాలి. చలికాలమైతే హీటర్‌ను యూపీఎస్‌కు కలపడం, పెట్టెపై దుప్పటి కప్పడం. ఎండాకాలమైతే ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదికి మార్చడం.

తిండి సంగతి. ఇది తినేది ఎలుకలనే. కూరగాయలు, పాలు, గుడ్లు ఏవీ తినదు. పాము ఒళ్లు ఎక్కడ ఎక్కువ లావుగా ఉంటుందో దాదాపు అంత లావు ఎలుక సరిపోతుంది. పిల్ల పాముకు వారానికొకటి, పెద్దదానికి రెండు మూడు వారాలకొకటి. బతికున్న ఎలుకను పెట్టెలో వేసి తలుపు మూయడం క్రూరమే కాదు, ప్రమాదం కూడా. పాముకు ఆకలి లేకపోతే ఆ ఎలుకే పామును కొరుకుతుంది. ఫ్రీజర్‌లో ఉంచిన ఎలుకను గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, చలువ పూర్తిగా పోయాక పట్టకారుతో అందించాలి. మన ఇళ్లలో చాలావరకు శాకాహారం. వంటింటి ఫ్రిజ్‌లో ఎలుకలు పెడతానంటే ఏ అమ్మ ఊరుకుంటుంది? ఊరుకోవాల్సిన పనీ లేదు. శుభ్రత దృష్ట్యా కూడా దానికి వేరే చిన్న ఫ్రీజర్ ఉండాలి. ఇది పాము కొనేముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, తెచ్చాక పోట్లాడుకునేది కాదు. ఈ జాతి ఒక్కోసారి నెలల తరబడి తినదు, ముఖ్యంగా చలికాలంలో. కంగారుపడి బలవంతంగా పెట్టకండి. వంటింటి త్రాసులాంటిది ఒకటి పెట్టుకుని బరువు చూసి రాసుకోండి. బరువు బాగా తగ్గుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పాములను చూసే డాక్టర్ మీ ఊళ్లో ఉన్నారా అన్నది కూడా ముందే కనుక్కోండి. పశువుల డాక్టర్లందరూ పాములను చూడరు.

చేతుల్లోకి తీసుకోవడం గురించి మేం చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి. కొత్తగా వచ్చిన పామును మొదటి ఒకటి రెండు వారాలు ముట్టుకోకూడదు. మేసిన తర్వాత రెండు రోజులు, కుబుసానికి ముందు కళ్లు మసకబారిన రోజుల్లో ముట్టుకోకూడదు. మిగతా రోజుల్లో అలవాటైన మనిషి పది పదిహేను నిమిషాలు తీసుకుంటే సరిపోతుంది. పెళ్లిళ్లకు, పండగ కలయికలకు, ఫొటోలకు తేకూడదు. పాములాంటి ప్రాణుల ఒంటిమీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా వయసు పైబడినవాళ్లు దూరంగా ఉండడమే మేలు. ఆ సంక్రాంతి రోజు ఎంతమంది పిల్లలు పామును ముట్టుకున్న చేతులతోనే అరిసెలు తిన్నారో తలచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది.

చట్టం గురించి మీటింగులో చాలామంది అడిగారు. మన దేశపు పాములను, కొండచిలువతో సహా, పట్టి ఇంట్లో పెంచడం నేరం. మన కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. బాల్ పైథాన్ విదేశీ జాతి. అంతర్జాతీయ వ్యాపారంపై అదుపు కోసం చేసుకున్న సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో చట్టాన్ని సవరించి ఇలాంటి జాతులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వీటిని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. అప్పటికే ఉన్నవాళ్లకు ఆరు నెలల గడువు ఇచ్చారు. కొత్తగా తెచ్చుకునేవాళ్లకు 30 రోజులు. ఇంకొకరికి ఇచ్చినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. కాగితాలు లేకుండా చవగ్గా ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. 2023 జులైలో తిరుచ్చి విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి ట్రాలీ బ్యాగులో 47 కొండచిలువలు దొరికాయి. అదే సెప్టెంబరులో మన కెంపేగౌడ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో పదుల కొద్దీ బాల్ పైథాన్లు, వాటితోపాటు చచ్చిపోయిన కోతులు బయటపడ్డాయి. చవకగా వచ్చే పాము వెనక ఇలాంటి బ్యాగులు ఉంటాయి.

రంగురంగుల రకాల మోజు కూడా ఉంది. వాటిలో స్పైడర్ అని ఒక రకం, చూడ్డానికి సాలెగూడు గీసినట్టు అందంగా ఉంటుంది. కానీ ఆ రంగుతో పాటే నరాల లోపం వంశపారంపర్యంగా వస్తుంది. తల వణుకుతుంది, తిన్నగా పోలేదు. పెట్టె ఎంత బాగా కట్టినా ఆ బాధ తీరదు. అలాంటిది కొనకండి.

"వదిలేయమనండి" అన్న పెద్దలకు వినయంగా ఒక మాట. పెట్టెలో పెరిగిన ఆఫ్రికా పామును మన చెరువుగట్టున వదిలితే చలికో ఆకలికో చస్తుంది, లేదా భయపడ్డ జనం కర్రలతో చంపుతారు. బతికితే ఇంకో రకం కష్టం. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి అడవుల్లోకి చేరిన బర్మా కొండచిలువలు అక్కడి జంతువులను తినేస్తూ ఇప్పటికీ అదుపులోకి రాలేదు. వదిలేయడం పుణ్యం కాదు. బాధ్యతను గోడ అవతలికి విసిరేయడం.

"వాళ్ల ఇష్టం" అన్న యువకులకూ ఒక మాట. ఈ పాము 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయీ జంతుశాలలో ఒక బాల్ పైథాన్ 60 ఏళ్లు దాటిన వయసులో, 2020లో, గుడ్లు పెట్టింది. దాన్ని 1961లో ఎవరో ఇంట్లో పెంచుకుంటున్నవాళ్లే జంతుశాలకు ఇచ్చారు. మీకిప్పుడు ఇరవై ఏళ్లు. రేపు పుణెలోనో డాలస్‌లోనో ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది. పాము మాత్రం అమ్మానాన్నల దగ్గర మిగులుతుంది. ఎలుకను కరిగించి పెట్టేది అరవై ఏళ్ల మీ అమ్మేనా? ఆ ప్రశ్నకు జవాబు ఉన్నవాళ్లే తెచ్చుకోవాలి. ఇష్టం ఉంటే చాలదు.

ఇంకో విమర్శ కూడా విన్నాం. పేద పిల్లల ఫీజులకు డబ్బు లేదంటూ పాముకు ఇల్లు కట్టారా అని. సంఘం డబ్బు ఒక్క రూపాయి వాడలేదు. సామాను ఖర్చు ఆ కుటుంబానిది, పని మన సభ్యులది. అయినా ఆ ప్రశ్న అడిగినవాళ్లను తప్పు పట్టం. మేం ఇందులో ఎందుకు తలదూర్చామంటే, ఆ ప్రాణి జబ్బుపడ్డదాంట్లో మా చెయ్యి ఉంది. చేసినదాన్ని సరిదిద్దుకోకుండా అబ్బాయి మీద తీర్మానం చేసి పంపేస్తే, రేపు ఏ పిల్లవాడూ తన కష్టం మన దగ్గరికి తేడు.

కాబట్టి వచ్చే మీటింగులో మూడు విషయాలు పెడుతున్నాం. సంఘం కార్యక్రమాల్లో ఇకమీదట ఏ జంతువునూ ప్రదర్శనకు తేకూడదు. మన సభ్యుల ఇళ్లలో ఇలాంటి విదేశీ జంతువులుంటే నమోదు చేయించుకోవడానికి కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు ఇద్దరు సాయపడాలి. కొత్తగా తేవాలనుకునే పిల్లలు ఎవరైనా ఉంటే ముందు పెట్టె కట్టి, నెల రోజులు ఖాళీ పెట్టెలోనే వేడి, తేమ సరిగ్గా నిలబెట్టి చూపించాలి. ఆ నెల రోజులు విసుగు పుట్టకపోతే అప్పుడు పాము మాట ఎత్తొచ్చు. ఈ మూడోదాన్ని తీర్మానంగా చేయలేం, అది మన అధికారం కాదు. పెద్దల మాటగా చెప్పగలం.

పాము ఎలా ఉందని అడిగేవాళ్లకు చివరగా చెప్తాం. మందులు పూర్తయ్యాయి, ఊపిరి చప్పుడు పోయింది. కొత్త పెట్టెలోకి మార్చాక మొదటి వారమంతా కుండలోనుంచి బయటికి రాలేదు. అబ్బాయి బెంగపడి ఫోన్ చేస్తే "పడుకోనీరా, కొత్త ఇల్లు గదా" అని అవ్వే సర్ది చెప్పారట. మొన్న గురువారం రాత్రి, రెండు నెలల తర్వాత మొదటిసారి మేసింది. మేం చూడ్డానికి వెళ్తామన్నాం. రెండు రోజులు ఆగి రమ్మన్నాడు అబ్బాయి, ఈసారి గట్టిగానే చెప్పాడు. ఆగి వెళ్లాం. పాము కనబడలేదు, కుండ అంచున తల కొన మాత్రం కనబడింది. ఫొటో తీయలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం హాల్లో కలుద్దాం. హాలు మరమ్మతు, స్కాలర్‌షిప్పుల సంగతి ఈసారి మొదట తేలుద్దాం.